అమానత్ సొమ్ముతో ఒక కెమెరా

మద్రసాకు ఒక కెమెరా కొనాలని మా షూరా తీర్మానించి ఆ బాధ్యతను నాకు అప్పగించినప్పుడు, సభలో ఇద్దరు ముగ్గురు పెద్దలు నవ్వు ఆపుకోలేకపోయారు. వారి నవ్వుకు కారణం నాకు తెలుసు. సుమారు ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం ఇదే ఆవరణలో వార్షిక జల్సా జరుగుతుండగా, వేదిక మీదికి కెమెరా ఎక్కుపెట్టిన ఒక యువకుణ్ణి నలుగురిలో నిలబెట్టి మందలించినవాణ్ణి నేనే. ఆనాడు నేను చెప్పిన మాటకు ధర్మశాస్త్రంలో ఆధారం ఉంది. చెప్పిన తీరుకు మాత్రం లేదు. ఆ యువకుడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా జల్సాలలో కనిపించలేదు. ఆ దృశ్యం నా మనసులో ఉండిపోయింది కనుక ఈ పనిని తేలికగా స్వీకరించలేకపోయాను.

కెమెరా ఎందుకన్నది ముందు చెప్పాలి.

మా మద్రసా కర్నూలు పాతబస్తీలో ఉంది. మా పెద్ద ఉస్తాద్ గారు వేలూరు బాఖియాతుస్సాలిహాత్‌లో విద్యనభ్యసించి వచ్చి, అర్ధ శతాబ్దానికి పైగా ఇక్కడే బోధిస్తున్నారు. ఇప్పుడు వారికి ఎనభై నాలుగేళ్ళు. అస్ర్ నమాజు తర్వాత వారు చెప్పే మిష్కాత్ దర్స్‌కు విద్యార్థులే కాదు, బజారులో వ్యాపారం చేసుకునేవారు, ఆటో నడుపుకునేవారు కూడా వచ్చి కూర్చుంటారు. అరబీ మూలాన్ని చదివి, ఉర్దూలో ఒక మాట చెప్పి, ఆపైన చక్కని తెలుగులో విప్పి చెప్పడం వారి పద్ధతి. ఉర్దూ చదవలేని మన నేటి తరానికి అటువంటి బోధన ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఉస్తాద్ గారు విద్యార్థి దశ నుండి రాసుకున్న నోటు పుస్తకాలు ఉన్నాయి. వాటిని మేము బయాజ్ అంటాం. వేలూరులో తమ గురువులు నోటితో చెప్పిన వివరణలను, అరబీ పారిభాషిక పదాలకు తాము ఎంచుకున్న తెలుగు మాటలను వారు వాటిలో సిరాతో రాసిపెట్టుకున్నారు. మొత్తం పదకొండు ఉండేవి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలును ముంచెత్తినప్పుడు మా గ్రంథాలయంలోకి నీరు చేరింది. నీరు తీసిన తర్వాత పదకొండింటిలో ఐదు మాత్రమే చేతికి వచ్చాయి. ఆ ఐదింటిలోనూ రెండింటిలో సిరా కరిగి, పుటలు నీలి మేఘాల్లా మారాయి. మిగిలినవి కూడా ఇప్పుడు మడత పెడితే విరిగే స్థితిలో ఉన్నాయి.

గత సంవత్సరం ఒక విద్యార్థి ఉత్సాహపడి తన ఫోనుతో దర్స్ రికార్డు చేశాడు. కితాబుల్ బుయూ, అంటే వ్యాపార ధర్మాల అధ్యాయం, నడుస్తున్న రోజులవి. తూకంలో మోసం, సరుకులో దాచిన లోపం, ధర పెరగాలని నిల్వ చేయడం వంటి విషయాలను ఉస్తాద్ గారు మన బజారు ఉదాహరణలతో ఎంతో విపులంగా చెప్పారు. తీరా విని చూస్తే తలపైన తిరిగే ఫ్యాను రొద తప్ప మాట వినబడదు. ఒక రోజు మధ్యలో ఎవరో ఫోను చేయడంతో రికార్డు ఆగిపోయింది. మరో రోజు ఫోనులో చోటు నిండిపోయింది. సరి చేసుకుందాం అనుకునేలోపు ఉస్తాద్ గారు జబ్బుపడి నెల రోజులు మంచం దిగలేదు. అల్‌హమ్దులిల్లాహ్, కోలుకున్నారు, కానీ ఆ అధ్యాయాన్ని మళ్ళీ అంత వివరంగా చెప్పగల ఓపిక వారికి ఇక లేదు. అది పోయిన పాఠం. ఇకపై పాఠాలు పోకూడదన్నదే షూరా తీర్మానం. నోటు పుస్తకాల ప్రతి పుటకూ స్పష్టమైన ఫోటో తీయాలి. దర్స్‌ను వీడియోగా భద్రపరచాలి. రెండు పనులూ ఒకే యంత్రంతో జరగాలి.

ఇందుకోసం లక్షా ఐదు వేల రూపాయల విరాళం పోగైంది. లెక్క సరిచూస్తుండగా ఒక సోదరుడు ఇచ్చిన పదిహేను వేలు జకాత్ సొమ్మని తెలిసింది. మన హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ చెల్లాలంటే అర్హుడైన పేదవానిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. దీనినే తమ్లీక్ అంటారు. కెమెరా సంస్థ ఆస్తి అవుతుందే తప్ప ఏ పేదవాని సొంతమూ కాదు. అందువల్ల ఆ పదిహేను వేలను దాతకు తెలియజేసి పేద విద్యార్థుల ఖాతాలో జమ చేశాం. దాత ఎంతో సంతోషించారు. మిగిలినవి తొంభై వేలు. ఆ తొంభై వేలలోనే కెమెరా, లెన్సు, మైకు, స్టాండు, దీపాలు, భద్రపరచే డిస్కులు అన్నీ రావాలి. అందులో టీ కొట్టు సోదరుడు నెల నెలా ఇచ్చిన నూరేసి రూపాయలూ ఉన్నాయి. ఆ మాట నా తలలో నుండి కదలలేదు.

నేను మొదట సలహా అడిగినది పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే ఒక పరిచయస్తుణ్ణి. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, “మౌలానా, తీసుకుంటే ఫుల్ ఫ్రేమ్ తీసుకోండి. మిగతావి పిల్లల ఆట వస్తువులు” అన్నారు. ఆయన మాటలోని సగం నాకు అర్థం కాలేదు. హైదరాబాదులో ఇంజనీరుగా పనిచేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకడు ఓపికగా వివరించాడు. పాత తరహా పెద్ద కెమెరాల లోపల ఒక అద్దం ఉండేది. లెన్సు నుండి వచ్చిన వెలుతురును అది పైకి మళ్ళించి కంటికి చూపేది. ఫోటో తీసే క్షణంలో టప్పుమని పైకి లేచేది. ఆ అద్దాన్ని తీసివేసి, వెలుతురు నేరుగా సెన్సర్ అనే పలక మీద పడేట్టు చేసి, ఆ దృశ్యాన్నే వెనుక తెరపై చూపేవి ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు. ఈ తరహా కెమెరా మొదటిసారి 2008లో వచ్చింది. అద్దం లేనందున పెట్టె చిన్నదైంది, బరువు తగ్గింది, ఫోటోకూ వీడియోకూ ఒకే మార్గం ఏర్పడింది.

ఫుల్ ఫ్రేమ్ అంటే సెన్సర్ కొలత 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. దానికంటే చిన్నది ఏపీఎస్-సి, సుమారు 23.5, 15.6 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నది మైక్రో ఫోర్ థర్డ్స్, 17.3, 13 మిల్లీమీటర్లు. సెన్సర్ పెద్దదైతే మసక వెలుతురులో బొమ్మ శుభ్రంగా వస్తుంది, వెనుక దృశ్యం అందంగా మసకబారుతుంది. పెళ్ళి పందిట్లో రాత్రివేళ పనిచేసేవారికి అది నిజంగానే అవసరం. మా నోటు పుస్తకం కదలదు, దానికి కావలసినంత వెలుతురు మేమే పెట్టుకోగలం.

ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత ఒక కాగితం మీద లెక్క వేశాను. మా నోటు పుస్తకంలో పెద్ద పుట ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఇరవై సెంటీమీటర్ల వెడల్పు. అంటే పొడవు సుమారు 11.8 అంగుళాలు. ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళ కెమెరా తీసే ఫోటోలో ఒక వైపు 6,000 చుక్కలు, మరో వైపు 4,000 చుక్కలు ఉంటాయి. ఆరు వేలను 11.8తో భాగిస్తే అంగుళానికి 500కు పైగా చుక్కలు వస్తాయి. చక్కని ముద్రణకు అంగుళానికి 300 చాలు. కనుక నలభై, అరవై మెగాపిక్సెళ్ళ కోసం అదనంగా ఇచ్చే ప్రతి రూపాయీ మా పనికి సంబంధించినంతవరకు దుబారా. ఖర్చులో దుబారాకూ పిసినారితనానికీ నడుమ మధ్యేమార్గాన్ని సూరె ఫుర్ఖాన్ మనకు నేర్పుతుంది. ఆ మధ్యేమార్గం ఎక్కడుందో తెలుసుకోవడానికి కొన్నిసార్లు భాగహారం చేయవలసి ఉంటుందని ఆ రాత్రి గ్రహించాను.

వీడియో లెక్క కూడా ఇటువంటిదే. ఎక్కువ స్పష్టత గల 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ చోటు తింటుంది. మా దర్స్ నలభై నిమిషాలు; అంటే రోజుకు 30 జీబీ. ఫుల్ హెచ్‌డీలో 50 మెగాబిట్ల చొప్పున తీస్తే అందులో సగం, 15 జీబీ. రెండు వందల దర్స్‌లకు 4కె అయితే 6 టీబీ, ఫుల్ హెచ్‌డీ అయితే 3 టీబీ. వరద చూసినవాళ్ళం కనుక ప్రతిదానికీ రెండు ప్రతులు ఉండాలి, అవి రెండు వేరు వేరు ఇళ్ళలో ఉండాలి. పైగా 4కెలో ఎక్కువసేపు తీస్తే చిన్న కెమెరాలు వేడెక్కి ఆగిపోయే అవకాశం ఉంది. మా ఊరి ఎండాకాలం సంగతి తెలిసిందే. కనుక ఫుల్ హెచ్‌డీ చాలని తేలింది.

ఇంతవరకు పని సాఫీగా సాగింది. అసలు చిక్కు ఉస్తాద్ గారి దగ్గర వచ్చింది.

అనుమతి కోసం వెళ్ళి విషయం విన్నవించాను. నోటు పుస్తకాల మాట వినగానే వారి ముఖం వెలిగింది. వీడియో అనగానే చేయి అడ్డంగా ఊపారు. “నా ముఖం ఎవరికి కావాలి మియా? కితాబు కనిపిస్తే చాలు, మాట వినిపిస్తే చాలు” అన్నారు.

ప్రాణుల చిత్రాల విషయంలో హదీసులలో ఉన్న కఠినమైన హెచ్చరికలు పాఠకులు ఎరిగినవే. చేత్తో గీసే చిత్రానికీ కెమెరా పట్టే ప్రతిబింబానికీ ఒకే తీర్పు వర్తిస్తుందా అన్న విషయంలో ఉలమాల నడుమ అభిప్రాయభేదం ఉంది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ ఫోటో కొత్త రూపకల్పన కాదని, ఉన్న నీడను నిలిపి ఉంచడమేనని వాదిస్తూ ఒక చిన్న గ్రంథమే రాశారు. మన ఉపఖండపు పెద్దలలో అనేకులు రెండింటికీ ఒకే తీర్పు ఇచ్చి, పాస్‌పోర్టు, హజ్ ప్రయాణం వంటి అవసరాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఉస్తాద్ గారిది ఈ రెండవ మార్గం. దానికి వారు చెప్పే కారణం కూడా ఉంది. పుణ్యపురుషుల రూపాలను ప్రేమతో భద్రపరచుకున్న జాతులు ఆ తర్వాత ఏ దారిన పోయాయో మనకు తెలుసు కదా అంటారు. తాము పోయిన తర్వాత తమ ముఖం ఎవరింటి గోడ మీదనో పూలదండతో వేలాడటం వారికి సమ్మతం కాదు.

యువ ఉపాధ్యాయులు నిరాశపడ్డారు. “ఉస్తాద్, మీరు చెబితే హజ్రత్ కాదనరు. బఖీత్ గారి వాదం వారి ముందు ఉంచండి” అని నన్ను ఒత్తిడి చేశారు. ఒకడైతే కెమెరాకు మూలమే మన ఇబ్నుల్ హైసమ్ అనీ, ఆ పేరు కూడా అరబీ నుండే వచ్చిందనీ వాదించాడు. ఇబ్నుల్ హైసమ్ పదకొండవ శతాబ్దంలో చీకటి గదిలో సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుతురును పరిశీలించి దృష్టిశాస్త్రానికి పునాది వేశారన్నది నిజం. ఆయన గ్రంథం లాటిన్‌లోకి అనువాదమై 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది కూడా. కానీ కెమెరా అన్న మాట లాటిన్‌ది. గది అని దాని అర్థం. మన సభలలో తరచుగా వినిపించే ఆ వ్యుత్పత్తి సరికాదని వాడికి చెప్పాను. మన పూర్వీకుల గొప్పతనానికి లేని ఆధారం జోడించనక్కరలేదు. అంతకన్నా ముఖ్యంగా, యంత్రం ఎవరు కనుగొన్నారన్నది ఉస్తాద్ గారి అభ్యంతరానికి సమాధానమే కాదు.

నిజం చెప్పాలంటే నాకూ వాదించాలనే ఉంది. వారి ముఖం, చదువుతూ మధ్యలో ఆగి ఎదుటివారిని చూసే ఆ చూపు, రేపటి పిల్లలకు చూపించాలన్న కోరిక నాకు తక్కువేమీ కాదు. కానీ జల్సాలో తలవంచుకుని వెళ్ళిన ఆ యువకుడు గుర్తుకు వచ్చాడు. ఆనాడు ఒకరి కోరికను లెక్కచేయకుండా నా అభిప్రాయాన్ని రుద్దాను. ఈనాడు మరొకరి అభ్యంతరాన్ని లెక్కచేయకుండా నా కోరికను రుద్దబోతున్నాను. రెండింటిలోనూ గెలిచేది నేనే. శిష్యుడు గురువు దగ్గర గెలవడం చదువు కాదు.

మరునాడు మళ్ళీ వెళ్ళి, “హజ్రత్, తల లేని రూపానికి చిత్రం తీర్పు వర్తించదని మన ఫుఖహా రాశారు కదా. కితాబు మీద మీ చేతులు మాత్రమే కనిపించేట్టు, పైనుండి తీయవచ్చా?” అని అడిగాను. వారు కొంతసేపు ఆలోచించారు. “చేతులా? వాటికి అభ్యంతరం లేదు. వణుకుతాయి, చూసుకో” అన్నారు.

ఆ ఒక్క మాటతో మేము కొనవలసిన కెమెరా ఏదో స్పష్టమైంది. సంకల్పాన్ని గురించిన హదీసుతో ఇమామ్ బుఖారీ తమ గ్రంథాన్ని ఎందుకు ఆరంభించారో ఏళ్ళుగా విద్యార్థులకు చెబుతూ వస్తున్నాను. సంకల్పం తేలకముందు అంగడిలోని ప్రతి కెమెరా మంచిదే. సంకల్పం తేలిన తర్వాత వాటిలో చాలా భాగం వాటంతట అవే పక్కకు తప్పుకున్నాయి.

పైనుండి తీయాలంటే స్టాండు నుండి అడ్డంగా ఒక చేయి రావాలి, దాని చివర కెమెరా కిందికి చూస్తూ వేలాడాలి. మంచి ఫుల్ ఫ్రేమ్ కెమెరా, దానికి తగిన పెద్ద లెన్సు కలిపితే కిలోన్నర దాకా తూగుతాయి. అంత బరువు ఎనభై నాలుగేళ్ళ మనిషి తలకు ఎదురుగా, గాలిలో వేలాడటం తలచుకుంటేనే భయం వేసింది. కనుక కెమెరా చిన్నదిగా ఉండటం మాకు సౌకర్యం కాదు, భద్రత. రెండవది తెర. కెమెరా కిందికి చూస్తే వెనుక తెర ఇంటి కప్పు వైపు తిరుగుతుంది. దానిని చూడాలంటే బల్ల ఎక్కాలి. తెర పక్కకు తెరుచుకుని తిరిగేదైతే పక్కన కూర్చున్నవాడు చూడగలడు. మూడవది సమయం. కొన్ని కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు వీడియోను ఆపివేస్తాయి. అరగంట దాటి తీసే వాటిని ఐరోపాలో వీడియో కెమెరాలుగా లెక్కించి ఎక్కువ సుంకం వేసేవారు కనుక తయారీదారులు ఆ గీత గీసుకున్నారు. ఎక్కడో ఐరోపా సుంకం కోసం గీసిన గీత కర్నూలులో నలభై నిమిషాల దర్స్‌ను తెగ్గొట్టగలదని ఎవరనుకుంటారు? నాలుగవది ధ్వని. బయటి మైకు తగిలించే రంధ్రం తప్పనిసరి. రికార్డవుతున్న మాటను అప్పటికప్పుడు వినడానికి హెడ్‌ఫోన్ రంధ్రం కూడా ఉండాలి. పోయిన పాఠం నేర్పిన పాఠం ఇది.

అక్కరలేనివి కూడా రాసుకున్నాను. మనిషి ముఖాన్నీ కంటినీ గుర్తుపట్టి వెంబడించే శక్తి గురించి ప్రతి దుకాణదారుడూ గొప్పగా చెబుతాడు. మేము ముఖమే చూపడం లేదు. చేతి వణుకును సరిచేసే స్థిరీకరణ ఖరీదైనది. స్టాండుకు బిగించిన కెమెరా వణకదు. ఉస్తాద్ గారి చేతుల వణుకును ఏ యంత్రమూ సరిచేయనక్కరలేదు.

హైదరాబాదు కోఠీలోని ఒక దుకాణానికి పూర్వ విద్యార్థితో కలిసి వెళ్ళాను. అక్కడ చూసిన వాటిలో ఫుజీఫిల్మ్ ఎక్స్-ఎస్10లో స్థిరీకరణ ఉంది. మాకు పనికిరాని దానికే ధర ఎక్కువ. క్యానన్ ఆర్50 చిన్నది, తేలిక, తెర పక్కకు తెరుచుకుంటుంది, మైకు రంధ్రమూ ఉంది. హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. సోనీ ఆల్ఫా 6400లో కూడా హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. కానీ దానికి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది. దుకాణదారుడు దానిని నా చేతికి ఇచ్చాడు. కన్ను ఆనించి బజారు వైపు చూశాను. రద్దీ, రొద అంతా మాయమై, పండ్ల బండి దగ్గర ఒక పిల్లవాడు తండ్రి చొక్కా అంచు పట్టుకుని నిలబడిన దృశ్యం ఒక చిన్న చట్రంలో నిలిచింది. ఎంతసేపు చూశానో తెలియదు. “ఉస్తాద్, ఇదే తీసుకుందామా?” అన్న శిష్యుని మాటతో ఈ లోకంలోకి వచ్చాను. తీసుకుందామనే నోటిదాకా వచ్చింది. అంతలో మనసులో ఒక ప్రశ్న లేచింది. కిందికి చూస్తూ వేలాడే కెమెరాకు కన్ను ఆనించేది ఎవరు? ఆ వ్యూఫైండర్ మద్రసాకు కాదు, నాకు కావాలి. నా సొంత డబ్బుతో అయితే అది ఒక కోరిక. టీ కొట్టు సోదరుని నూరు రూపాయలతో అయితే అది అమానత్‌లో ఖియానత్. దానిని మెల్లగా బల్ల మీద పెట్టాను.

చివరకు తీసుకున్నది సోనీ జెడ్‌వీ-ఈ10. 2021లో వచ్చిన కెమెరా. ఏపీఎస్-సి సెన్సర్, ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళు. వ్యూఫైండర్ లేదు, లోపల స్థిరీకరణ లేదు. తెర పక్కకు తెరుచుకుంటుంది. మైకుకూ హెడ్‌ఫోనుకూ రెండు రంధ్రాలూ ఉన్నాయి. అరగంట గీత లేదు. కరెంటు పోతే పవర్ బ్యాంకుతో నడుస్తుంది. దానితో వచ్చిన 16-50 లెన్సుతో కలిపి అర కిలో లోపే తూగుతుంది. పుటల కోసం ప్రత్యేకమైన మాక్రో లెన్సు కొనాలేమో అనుకున్నాం. అర మీటరుకు కాస్త పైనుండి తీస్తే ఈ లెన్సే పుట మొత్తాన్ని అంచుల వరకు స్పష్టంగా పట్టింది. మొత్తం సొమ్ములో మూడింట రెండు వంతుల పైచిలుకు దీనికే అయింది. మిగతా దానిలో కాలరుకు తగిలించే తీగ మైకు, అడ్డచేయి స్టాండు, రెండు ఎల్ఈడీ దీపాలు, కార్డులు, రెండు డిస్కులు వచ్చాయి. 1,740 రూపాయలు మిగిలాయి.

ఇళ్ళలో పెద్దల ఉత్తరాలు, పాత కాగితాలు భద్రపరచుకోదలచిన పాఠకులకు పనికివస్తుందని మా అనుభవం నాలుగు మాటలలో చెబుతాను. పుటకు రెండు వైపులా ఏటవాలుగా రెండు దీపాలు పెట్టాలి. ఫ్లాష్ వాడితే కాగితం మీద మెరుపు పడి అక్షరం మాయమవుతుంది. కెమెరా పుటకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. ఫోకస్‌ను చేత్తో ఒకసారి సరిచేసి అలాగే ఉంచాలి. లేకుంటే కదిలే చేతిని వెంబడించి అక్షరాలు మసకబారుతాయి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది కనుక వీడియోను సెకనుకు 25 ఫ్రేములుగా, షట్టరును 1/50గా పెట్టుకుంటే ట్యూబులైటు కింద బొమ్మ రెపరెపలాడదు. ఫోటోను రా ఫైలుగా తీస్తే తర్వాత రంగులను విడదీసి చూడవచ్చు. నీలి సిరా కరిగిన మా పుటలను ఎరుపు ఛాయలో మాత్రమే చూసినప్పుడు, పసుపు బారిన కాగితం తెల్లబడి, కంటికి ఆనని సిరా గీతలు నల్లగా తేలాయి. అన్నీ కాదు. ఒక పుటలో సగం, ఇంకో పుటలో నాలుగు పంక్తులు. వాటిలో తమ గురువు చెప్పిన ఒక వివరణను ఉస్తాద్ గారు గుర్తుపట్టి, పోయిందనుకున్నాను అని మెల్లగా అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

దర్స్ రికార్డు కితాబుల్ అత్ఇమాతో మొదలైంది. కొన్ని వారాలకు కితాబుల్ లిబాస్‌లోని చిత్రాల అధ్యాయం వచ్చింది. కెమెరా కింద కూర్చుని ఆ హదీసులు ఎలా చెబుతారోనని అందరమూ ఎదురుచూశాం. ఉస్తాద్ గారు ఒక్క అక్షరం తగ్గించలేదు. హెచ్చరికలు చెప్పారు, ఉలమాల అభిప్రాయభేదం చెప్పారు, బఖీత్ గారి వాదాన్ని కూడా న్యాయంగా చెప్పి తమ అభిప్రాయం చెప్పారు. వ్యతిరేకించే వాదాన్ని అంత మర్యాదగా చెప్పవచ్చునని ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది! ఆ యువకుడు ఎక్కడైనా ఈ మాటలు చదివితే నన్ను క్షమించమని కోరుతున్నాను.

మొదటి వీడియోను లాప్‌టాపులో ఉస్తాద్ గారికి చూపించిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. తెర మీద తెరిచిన మిష్కాత్, దాని మీద రెండు చేతులు. ముడతలు పడిన వేళ్ళు పంక్తి వెంట కదులుతున్నాయి. పుట తిప్పేటప్పుడు కొంచెం వణుకుతున్నాయి. మాట స్పష్టంగా వినిపిస్తోంది, ఫ్యాను రొద లేదు. ఉస్తాద్ గారు తమ చేతులను ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. “యాసీన్ సూరాలో చదువుకున్నాం కదా మియా, నోటికి ముద్ర పడే రోజున మాట్లాడేవి ఇవే. అల్లాహ్ వీటి చేత మంచే పలికించాలని దుఆ చేయండి” అన్నారు.

బిల్లులన్నీ, మిగిలిన 1,740 రూపాయల లెక్కా మద్రసా నోటీసు బోర్డు మీద ఉంచాం. కెమెరా కొనేంతవరకే నా బాధ్యత. దర్స్ ఇంకా నడుస్తోంది. రోజూ అస్ర్ తర్వాత ఒక విద్యార్థి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని పక్కన కూర్చుంటాడు. అల్లాహ్ మా ఉస్తాద్ గారికి ఆరోగ్యాన్నీ, దాతల సొమ్ముకు పుణ్యఫలాన్నీ ప్రసాదించుగాక. మా చేతులలోని అమానత్‌ను మా కోరికల నుండి కాపాడుగాక. ఆమీన్.